మోటరమ్మ

ఆమె చనిపోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్ని వారాలుగా సంతకు రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. వాళ్ల ఊరి మనిషి ఒకతను కళ్యాణదుర్గం బస్సు కోసం ఎదురుచూస్తూ మా హోటల్లో కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. ఇంకో బజ్జీ వేయమని ప్లేటు ముందుకు జరిపి, అదే ఊపులో, "మోటరమ్మ పోయింది గదక్కా, నీకు తెలీదా?" అన్నాడు. శివరాత్రికి ముందే పోయిందట. జ్వరం వచ్చింది, పడుకుంది, మళ్లీ లేవలేదు. అంతే చెప్పాడు. బస్సు రాగానే చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పెనం మీద దోసె మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మోటరమ్మ ఆమె అసలు పేరు కాదు. మా హోటల్‌కు ఎదురుగా ఉన్న పోలీస్ స్టేషన్ వాళ్లు పెట్టిన పేరు. మొదట్లో వెటకారంగా అనేవాళ్లు, తర్వాత అలవాటైపోయింది. ఆమె కూడా ఆ పిలుపుకు పలికేది. నేను మాత్రం అక్కా అనేదాన్ని.

మనిషి పొడుగు. ఎండకు కమిలి నల్లబడిన సన్నటి మొహం. తలకు కొంగు మీదుగా మగవాళ్లలా తువ్వాలు చుట్టుకునేది. కాళ్లకు టైరు చెప్పులు, అవీ మగవాళ్లవే. మా హోటల్ బల్ల మీద కూర్చునే ముందు దాన్ని అరచేత్తో తట్టేది, పశువును తట్టినట్టు. గొంతు పెద్దది. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసినట్టే, ఎదురుగా ఉన్నవాళ్లతోనూ మాట్లాడేది. మెల్లగా మాట్లాడక్కా అంటే, మెల్లగానే మాట్లాడుతున్నానని ఇంకా గట్టిగా చెప్పేది. ఎస్సై అయినా, మా హోటల్లో గ్లాసులు కడిగే ముసలాయన అయినా ఆమెకు అందరూ "నాయనా"నే.

స్టేషన్ ఎదురుగా హోటల్ నడిపితే ఊళ్లో ఎవరికీ తెలియని సంగతులు తెలుస్తాయి. ఫిర్యాదు ఇచ్చేవాళ్లూ, ఫిర్యాదులోకి ఎక్కినవాళ్లూ మా దగ్గర ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు. మా ఆయన టీ చూసుకునేవాడు, నేను పొయ్యి చూసుకునేదాన్ని. రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా ఉన్న రోజులవి. వేరుశెనగ చేతికి రాక, ఉన్న బావులూ బోర్లూ ఒక్కొక్కటే అడుగంటుతున్న కాలం. దానికి తోడు దొంగలు. కేబులు పోయిందని ఒకరు, స్టార్టరు పోయిందని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగితీగ ఎత్తుకుపోయారని ఒక ఊరికి ఊరే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఒకటి రెండుసార్లు తిరిగి మానేసేవాళ్లు. ఆమె మానలేదు. అందుకే ఆ పేరు.

వాళ్ల బావి చిన్న వాగులాంటి ఒక వంక పక్కన ఉండేది. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా, వంక ఊట వల్ల అందులో కాసిన్ని నీళ్లుండేవి. ఆ నీళ్లను నమ్ముకుని మొగుడూ పెళ్లాలు చీనీ తోట, అంటే బత్తాయి తోట పెట్టారు. చీనీ చెట్టు కాపుకొచ్చేదాకా పసిబిడ్డను సాకినట్టు ఏళ్ల తరబడి సాకాలి. తొలి కాపుకు పిందె పడిన ఏడాది, ఒక పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన ఆయనకు బావి గట్టు మీద మోటరు బిగించిన బోల్టులు మాత్రం కనిపించాయి. స్టార్టరు డబ్బా తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు. ఆయన ఆ బోల్టుల పక్కనే కూర్చుండిపోయాడట. ఆమె పోయి చెయ్యి పట్టుకుని లేపుకొచ్చింది. ఎప్పుడో పూడిక తీస్తూ బావిలో పడి ఆయన నడుం దెబ్బతింది. మనిషి పెద్దగా మాట్లాడడు. బయటి పనులన్నీ ఆమెవే. ఆ రోజే మొదటి బస్సుకు స్టేషన్‌కు వచ్చింది.

లోపల జరిగిందంతా బయటికొచ్చాక మా బల్ల మీద కూర్చుని చెప్పింది. ముందు మోటరు కొన్న బిల్లు అడిగారట. చూరులో దాచింది చెదలు తినేశాయంటే, బిల్లు లేకపోతే అది నీదేనని ఏమిటి రుజువన్నారట. తర్వాత బావి ఎక్కడుందని అడిగారు. వంక పక్కన అనగానే, వంక దాటితే మా సరిహద్దు కాదు, పక్క స్టేషన్‌కు పొమ్మన్నారు. బావి వంకకు ఈ పక్క ఉంది, తోట ఆ పక్క ఉంది, దొంగ ఏ పక్క నుంచి వచ్చాడో దొరికినాక వాణ్నే అడగండని చెప్పిందట. ఆఖరున ఎవరి మీద అనుమానమని అడిగారు.

"అనుమానముంటే వీళ్లకాడికి యాల వస్తా పాపా, వాని ఇంటికాడికే పోయిందును గదా," అంది నాతో. నవ్వుతూ కాదు, నిజంగానే వాళ్లు ఆ ప్రశ్న ఎందుకడిగారో అర్థం కాక అంది.

పక్క స్టేషన్‌కు కూడా పోయింది. వాళ్లు బావి ఈ పక్కదని మళ్లీ ఇటే పంపారు. చివరికి మా స్టేషన్‌లో ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్, రిటైర్ కావడానికి దగ్గరపడినవాడు, ఒక కాగితం మీద రాయించుకుని చూస్తామన్నాడు. చెడ్డవాడు కాదు. స్టేషన్‌లో మనుషులు తక్కువ, బందోబస్తులు ఎక్కువ, జీపుంటే డీజిల్ ఉండదు, డీజిల్ ఉంటే డ్రైవరుండడు అని టీ తాగుతూ మా ఆయనతో వాపోయేవాడు. వాళ్ల తోట చూడ్డానికి ఎవరైనా రావాలంటే ఆటో ఆమే మాట్లాడుకు రావాలన్నాడు. మాట్లాడుకొచ్చింది. ఆ రోజు మంత్రి పర్యటన ఉందని ఎవరూ కదల్లేదు. ఆటో ఖాళీగా తిరిగిపోయింది.

అప్పటి నుంచి ప్రతి సంత రోజూ వచ్చేది. సంతలో కావలసినవి కొనుక్కుని, స్టేషన్‌లో కనుక్కుని, బస్సెక్కేది. కనుక్కోవడానికి మధ్యాహ్నం దాకా పట్టేది. ఎస్సై గారు లేరు అనేవాళ్లు, ఉన్నారు గానీ పనిలో ఉన్నారు అనేవాళ్లు. ఆమె మా బల్ల మీద కూర్చునేది. చేతులు ఊరికే ఉంచుకోవడం ఆమెకు తెలీదు. సంచిలో వేరుశెనక్కాయలు తెచ్చుకుని విత్తనానికి ఒలుచుకునేది. అవి అయిపోతే నా ఉల్లిగడ్డల బుట్ట ముందుకు లాక్కునేది. వద్దక్కా అంటే వినేది కాదు, ఊరికే కూర్చుంటే పిచ్చి లేస్తుందనేది. టీ మాత్రం ఇప్పించుకుని తాగేది, దానికి మొహమాటపడేది కాదు.

ఒలుస్తూ మోటరు గురించి చెప్పేది. పోయిన ఎద్దు గురించి చెప్పినట్టు చెప్పేది. కొన్న రోజు బండి మీద ఊళ్లోకి ఎలా తెచ్చారో, దాని కాలు ఒకటి విరిగితే ధర్మవరంలో ఎలా అతికించారో, ఆయుధపూజకు తను పెట్టిన పసుపు కుంకుమ నూనె జిడ్డులో కలిసి ఎన్నేళ్లయినా పోకుండా ఎలా ఉండిపోయిందో. వాళ్ల ఇల్లు ఊరికి చివర, తోట వైపు. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని ఊళ్లో, మోటరు సద్దు వినబడితే కరెంటు వచ్చినట్టు. ఆ సద్దులో హాయిగా నిద్ర పట్టేదట. ఇప్పుడు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటే కళ్లు మూతపడడం లేదని చెప్పింది.

ఎస్సైలు మారేవాళ్లు. కొత్తాయన రాగానే ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పేది. బిల్లు, చెదలు, వంక, సరిహద్దు. చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయాయి. మొదట్లో ఆ పొద్దున బోల్టులు కనబడిన దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారేది. కొన్నాళ్లకు అక్కడ కూడా మారడం మానేసింది. ఒకసారి లోపలికి పోయి వెంటనే తిరిగొచ్చింది. ఏమన్నారక్కా అంటే, ఏమీ అనలేదు, నేనే చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు అంది. మళ్లీ వారం మాత్రం వచ్చింది.

ఆ ఎండాకాలం నేను చింతపండు కొనడానికి వాళ్ల ఊరి వైపు పోయాను. ఇంటికి రమ్మని ఎన్నోసార్లు పిలిచి ఉంది కనుక పోయాను. సంకటి, ఊరిబిండి పెట్టింది. తిన్నాక తోట చూద్దువు రమ్మంది.

తోటలో ఒకతను వంకలో తవ్విన చెలమ నుంచి బిందెలతో నీళ్లు తోడి బండి మీది డ్రమ్ములో పోస్తున్నాడు. ఆ ఊరి కాలనీలో ఉండే కూలి మనిషి. పెళ్లై ఒక బిడ్డ. ఆదివారం చర్చికి పోతాడు, మిగతా రోజులన్నీ ఎవరు పిలిస్తే వాళ్ల పనికి పోతాడు. వీళ్ల మోటరు పోయినాక కూలి సరిగా ఇవ్వలేకపోతున్నా, పిలిస్తే కాదనకుండా వస్తాడని చెప్పింది. ఆమె భర్త నడుం పట్టుకుని చెట్టు చెట్టుకూ చెంబుతో పోస్తున్నాడు.

కొన్ని చెట్ల కొమ్మలకు పాత చీర పేలికలు కట్టి ఉన్నాయి. మొక్కుబడి అనుకుని అడిగాను. కాదు. ఉన్న నీళ్లు అన్నిటికీ చాలవు కాబట్టి, బతకగలవని తోచిన వాటికి పేలికలు కట్టింది. నీళ్లు వాటికే పోస్తారు. పేలికలు లేని చెట్లు చివర్ల నుంచి ఎండుతూ వస్తున్నాయి. ఆకులు ముడుచుకుపోయి, గోలీకాయంత పిందెలు కింద రాలి ఉన్నాయి. నేను ఒక చెట్టు దగ్గర ఆగి, ఇది ఇంకా పచ్చగానే ఉంది కదక్కా అన్నాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. "ఇవి ఇడిసేసినవి పాపా. ఈట్ల పక్కన నిలబడి మాట్లాడొద్దు, పా పోదాం," అంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడడం నేను విన్నది అప్పుడే.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పెద్ద నాయకుడి బంధువుల తోటలో మోటర్లు పోయాయి. ఇన్నాళ్లూ డీజిల్ లేని జీపు రాత్రింబగళ్లు తిరగడం మొదలుపెట్టింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయని హెడ్డు గారు చెప్పాడు. అప్పుడున్న ఎస్సై వయసులో చిన్నవాడు, మాట దురుసు. దొంగలను చూపించకపోతే తనకు బదిలీ తప్పదని తెలిసినవాడు.

ఆ సంత రోజు ఆమె బస్సు దిగీ దిగకముందే గేటు దగ్గరి కానిస్టేబులు కేకేశాడు, మోటరమ్మా, నీ మోటరు దొరికింది రా అని. ఆమె చేతిలో సంచి మా బల్ల మీద పడేసి పరుగెత్తింది. అంత మనిషి, టైరు చెప్పులు టపటపలాడుతుంటే రోడ్డు అడ్డంగా పరుగెత్తడం చూసి టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, సంతోషంతో.

స్టేషన్ ఆవరణలో పట్టుకున్న సైకిళ్లూ, విరిగిన మోపెడ్లూ ఉండే చోట మూడు మోటర్లు పెట్టి ఉన్నాయి. హోటల్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె తిన్నగా పోయి ఒకదాని ముందు గొంతుక్కూర్చుంది. అతికిన కాలు మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత లోపలికి పిలిస్తే పోయింది.

తిరిగొచ్చినప్పుడు ఆమె మొహం నాకు తెలియని మొహంలా ఉంది. నీళ్లడిగింది. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. అప్పటికే ఆ బల్ల రెండో చివర, బిడ్డను ఒళ్లో వేసుకుని ఒక పడుచు పిల్ల పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. ఎవరో నేను గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టింది. వాళ్ల దగ్గరికి నీళ్లు మోయడానికి వచ్చే కూలి మనిషి భార్య. ఆ పిల్ల ఈమె వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

సంగతి ఇది. మోటర్లు దొరికింది పక్క జిల్లాలో పాత ఇనుము కొనే ఒక గుజిరీ అంగడిలో. ఆ అంగడివాడికి పెద్దవాళ్ల అండ ఉంది. వాణ్ని ముట్టుకోకుండా సొత్తు మాత్రం తెచ్చుకున్నారు. సొత్తు దొరికినాక దొంగ ఉండాలి కదా. బావి దగ్గర తిరిగే మనిషి, అడగడానికి ఎవరూ రాని మనిషి, కాలనీలో ఈ కూలివాడు కనిపించాడు. రెండు రోజులుగా లోపలే ఉన్నాడు. మోటరు వాడి గుడిసె వెనక దొరికినట్టు రాసి పెట్టారు. ఇది నా మోటరేనని ఆమె వేలిముద్ర వేస్తే కేసు నిలబడుతుంది. ఇవన్నీ హెడ్డు గారు తర్వాత చెబితే తెలిసినవి. అప్పుడు ఆమె నాతో చెప్పింది కొంచెమే.

"వాడు ఆ నెలంతా ఈడ లేనే లేడు పాపా. పెండ్లాన్ని తీసుకోని కణేకల్‌లో వరినాట్లకు పోయినాడు. వాళ్ల మేకను నాకాడ ఇడిసిపోయిన్నారు. మా ఇంట్లోనే ఈనింది అది. ఆ మేక ఈనిన మర్నాడే మోటరు పోయింది."

ఆ మాట ఎస్సైకి చెప్పమన్నాను. చెప్పిందట. ఆయన నవ్వి, అయితే ఆ మేకను తోలుకురా, సాక్ష్యం చెబుతుంది అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారట. ఆమె మళ్లీ చెప్పబోతే ఆయన నవ్వు ఆపి, నీకు మోటరు కావాలా వద్దా అది చెప్పు, దొంగ లేకుండా సొత్తు ఒక్కటే నీ చేతికి ఎలా ఇస్తామన్నాడట. వాడు గది మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉన్నాడని చెప్పింది. అక్కడితో ఆపింది.

బల్ల మీద చాలాసేపు కూర్చుంది. ఉల్లిగడ్డల బుట్ట పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. తోటలో పేలికలు కట్టిన చెట్లు ఇంకా బతికే ఉన్నాయి. ఆ మోటరు బిగిస్తే ఆ వారమే వాటికి నీళ్లు పారతాయి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. బిడ్డ ఏడిస్తే ఆ పిల్ల అటు తిరిగి పాలిచ్చింది.

ఆమె లేచి తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకుంది. రోడ్డు దాటి పోయింది. ఈసారి లోపలికి పోలేదు, ఆవరణలో మోటర్ల దగ్గరే నిలబడి ఎస్సైని పిలిచింది. ఆ గొంతు ఎలాంటిదో చెప్పాను కదా, సంతకు వచ్చినవాళ్లందరికీ వినబడింది.

"నాయనా, ఇది మాది కాదు."

ఎస్సై బయటికొచ్చాడు. ఇందాక మాదేనన్నావు కదా అన్నాడు.

"కండ్లు సరిగా కనపడవు నాయనా నాకు. దగ్గరికి పోయి సూస్తి. మాది ఇంకా పెద్దది. ఇది మాది కాదు."

ఆయన కోపంగా ఏదేదో అన్నాడు. తప్పుడు ఫిర్యాదు కింద లోపలేస్తానన్నాడు. ఇన్ని నెలలు స్టేషన్ చుట్టూ తిరిగి ఇప్పుడు నాటకాలాడుతున్నావా అన్నాడు. ఆమె తల వంచుకుని అన్నీ విన్నది. ఆయన ఆగినప్పుడల్లా ఆ ఒక్క మాటే మళ్లీ చెప్పింది. చుట్టూ జనం పోగయ్యారు. వాళ్ల ముందు ఆయనకూ ఏం చేయాలో తోచలేదు. ఛీ, పో అని చెయ్యి విసిరి లోపలికి పోయాడు. ఆమె వస్తూ వస్తూ మోటరు వైపు చూడలేదు.

బల్ల దగ్గరికి వచ్చి సంచి తీసుకుంది. ఆ పడుచు పిల్ల అక్కడే ఉంది. ఆమె ఆ పిల్లను దాటుకుని పొయ్యి దగ్గరికి నా పక్కకు వచ్చి, "మాదే పాపా," అంది. "చెయ్యి పెట్టంగానే తెలిసింది."

రెండు రోజుల తర్వాత వాణ్ని వదిలేశారు. మోటరుకు సొంతదారు లేకపోయేసరికి వాడి మీద కట్టిన కథ నిలబడలేదు. మిగతా రెండు మోటర్ల కోసం ఇంకెవరినో పట్టుకొచ్చారని విన్నాను. ఎవరో నాకు తెలీదు. వీడు మాత్రం ఇంటికి తాళం వేసి, పెళ్లాంతో, బిడ్డతో బెంగళూరు పోవడానికి మా హోటల్ ముందే బస్సెక్కాడు. చేతికి ఊళ్లో ఎవరో కట్టిన వెదురుబద్దల కట్టు ఉంది. ఆ రోజు సంత. ఆమె బల్ల మీద ఉంది. వాణ్ని చూసి లేచి నిలబడింది. వాడు తల వంచుకుని ఆమె ముందు నుంచే పోయి బస్సెక్కాడు. ఒక్క మాట అనలేదు, ఒక్కసారి చూడలేదు. బస్సు పోయేదాకా ఆమె అలాగే నిలబడింది.

తన పేరు పోలీసులకు ఈమే చెప్పిందని వాడు నమ్ముతున్నాడని ఆమె అనుకుంది. నేను, వాళ్ల వాళ్లతోనైనా నిజం చెప్పి పంపక్కా అన్నాను.

"అనుకోనీలే. వాడు తన్నులు తిన్న్యాడు. నాకొచ్చింది మాటే గదా," అంది.

పేలికలు కట్టిన చెట్లు ఆ ఏడాది చివరిదాకా ఉన్నాయి. చెలమ కూడా ఎండిపోయాక అవీ పోయాయి. భార్యాభర్తలు చెట్లు నరికి కట్టెలు బండికెత్తారు. ఊళ్లో ఎవరికో ఎందుకు, నీ పొయ్యికే పనికొస్తాయని మా హోటల్‌కే తోలుకొచ్చింది. చీనీ కట్టె బాగా మండుతుంది, పొగ తక్కువ. అవి అయిపోయేదాకా పొద్దున్నే పొయ్యి ముట్టించాలంటే నాకు చెయ్యి ఆడేది కాదు. అయినా ముట్టించాను. ఏం చేస్తాం.

మోటరు స్టేషన్ ఆవరణలోనే పడి ఉంది. వానొచ్చినా ఎండొచ్చినా అక్కడే. నీలం రంగు పోయి తుప్పు పట్టింది. ఆ దురుసు ఎస్సై బదిలీ అయిపోయాక, హెడ్డు గారు రిటైరయ్యే ముందు ఒకరోజు మా హోటల్లో ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు, కొత్తాయన మంచివాడు, మళ్లీ ఒక అర్జీ పెట్టుకో, కోర్టు ద్వారా ఇప్పించే దారి చూస్తానని. ఆయన మనసులో ఏదో ఉంది, అది దించుకోవాలని చూశాడు. ఆమె ఒలుస్తున్న కాయలు ఆపలేదు. కాదని చెప్పినాక మళ్లీ నాదే అంటే, మీరు మళ్లీ వాణ్నే పిలుస్తారు గదా నాయనా అంది. ఆయన టీ తాగకుండానే లేచిపోయాడు.

సంతకు రావడం ఆమె మానలేదు. బల్ల మీద కూర్చోవడమూ మానలేదు. కాకపోతే అప్పటి నుంచి రోడ్డుకు వీపు పెట్టి, నా పొయ్యి వైపు తిరిగి కూర్చునేది. మాటలు తగ్గిపోయాయి. ఉన్న నేలలో వేరుశెనగ వేస్తున్నారు, వానొస్తే వస్తుంది, లేకపోతే లేదు. మోటరు ఊసు ఎత్తేది కాదు. స్టేషన్‌లో కొత్త కానిస్టేబుళ్లకు ఆమె ఎవరో తెలియదు. మోటరమ్మ అనే పేరు మాత్రం ఉండిపోయింది, అది ఎందుకొచ్చిందో అడిగేవాళ్లు లేకపోయినా. చివరికి ఒక ఏడాది ఆవరణలోని ఇనుమంతా వేలం వేసి ట్రాక్టరుకెత్తి తీసుకుపోయారు. మరుసటి సంతకు చెబితే, స్థలం ఖాళీ అయిందా అని మాత్రం అడిగింది.

ఇంకొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం బెంగళూరు బస్సు దిగి ఒకతను లోపలికొచ్చి అన్నం ఉందా అని అడిగాడు. జుట్టు అక్కడక్కడా నెరిసింది. చెయ్యి చూసి గుర్తుపట్టాను. మణికట్టు దగ్గర వంకర పోయి అలాగే అతుక్కుంది. చిన్నమ్మ చనిపోతే మట్టికి వచ్చాడట. తిన్నాక, ఇన్నేళ్లూ నా మనసులో ఉన్నది ఆగక, నీ పేరు చెప్పింది ఆమె కాదబ్బా, నిన్ను విడిపించడానికే తన మోటరును తనది కాదంది, అని చెప్పాను.

అతను అరిటాకు మడిచాడు. తల ఎత్తలేదు.

"తెలుసమ్మా. లోపల్నుంచి వింటి గదా. ఆయమ్మ అరిసింది ఊరంతా విన్నారు, నేనూ వింటి."

మరి ఆ రోజు బస్సెక్కేటప్పుడు ఒక్క మాటైనా అనకుండా ఎందుకు పోయావని అడిగాను.

"ఏ మొగం పెట్టుకోని మాట్లాడల్ల? ఆ చెట్లకు నీళ్లు మోసినోన్ని నేను. నా వల్ల అయి ఎండిపోతాండాయని తెలిసీ ఎట్ల మాట్లాడేది?" అన్నాడు. ఊళ్లోకి పోతున్నావు కదా, ఇప్పుడైనా ఆమెను చూసి రా అన్నాను. చూస్తానన్నాడు. మర్నాడు పొద్దున అదే దారిన బస్సెక్కి పోయాడు. చూశావా అని నేను అడగలేదు. చూడలేదని అతని నడకలోనే తెలిసిపోయింది.

ఆ తర్వాతి సంతకు ఆమెకు చెప్పాను. పొయ్యి వైపు తిరిగి కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. అంతా చెప్పేదాకా ఊరికే విన్నది. ఇన్నేళ్లూ వాడు తన మీద కోపంగా ఉన్నాడనే అనుకుంటూ బతికింది. అది కాదని తెలిస్తే తేలికపడుతుందనుకున్నాను. అలాంటిదేమీ ఆ మొహంలో కనిపించలేదు. ఒలిచిన పాయ గిన్నెలో వేసి, "మాట్లాడింటే బాగుండు," అంది. ఇంకో పాయ తీసుకుని, వాడి చెయ్యి ఎట్లుందని అడిగింది. వంకరగానే ఉందని, పని మాత్రం చేసుకుంటానన్నాడని చెప్పాను. బిడ్డ బడికి పోతోందా అని అడిగింది. అది నేను కనుక్కోలేదు.

వాళ్ల ఊరి బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆమె వెల్లుల్లి పొట్టు చీరలోంచి దులుపుకుని సంచి భుజానికెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది.

"వాడు మళ్లా వస్తే అన్నం పెట్టు పాపా. దుడ్లు తీసుకోవాకు," అంది. "నేనిస్తాలే."

బస్సులో సీట్లు లేవు. మెట్టు మీది కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టరు లోపలికి జరగమని కేకలేస్తున్నాడు. నేను సరేనక్కా అన్నాను గానీ, అప్పటికే బస్సు కదిలింది.